ప్రాచీన గ్రీకు నాటకం: మాటలు, పురాణాలు, పూజలు, అపోహలు – తరచుగా అడిగే ప్రశ్నలు

మేం కొంతమందిమి కలిసి సోఫోక్లీస్ అనే గ్రీకు కవి రాసిన ఈడిపస్ నాటకాన్ని తెలుగులో వేద్దామని కూర్చున్నప్పట్నుంచి రిహార్సల్స్‌కి వచ్చే పిల్లలు అడిగిందే అడుగుతున్నారు, చెప్పిందే చెప్పీ చెప్పీ నాకు నోరు నొప్పెట్టి ఇక ఇక్కడ రాసి పడేస్తున్నా. ఎక్కువగా ఏథెన్స్ గురించే చెప్తా, అదీ క్రీ.పూ. 5వ శతాబ్దం గురించి. మనకి పూర్తిగా దొరికిన ట్రాజెడీలు దాదాపు అన్నీ ఆ ఊళ్ళో ఆ వందేళ్ళలో వేసినవే మరి.

అసలు ఇది నాటకాల పోటీయా, దేవుడి జాతరా?

రెండూ. ఈ రెంటినీ విడదీసి చూస్తేనే తర్వాతి డౌట్లన్నీ పుడతాయి. మనం ట్రాజెడీ అనగానే చీకటి హాలు, టికెట్టు, సీరియస్ మొహాలు ఊహించుకుంటాం. అక్కడేమో పట్టపగలు, ఎండలో, కొండవాలు మీద, ఊరంతా వచ్చి కూర్చునేది. ఎదురుగా దేవుడి విగ్రహం, పక్కనే గుడి, ముందు రోజు బలిచ్చిన ఎద్దుల మాంసం ఇంకా అరిగుండదు కూడా. సంవత్సరానికోసారి వసంతంలో, అంటే మన లెక్కలో మార్చి చివర అలా, సిటీ డయోనీసియా అని పండగ చేసేవాళ్ళు. నాటకాలు ఆ పండగలో భాగం. చలికాలంలో లెనాయా అని ఇంకో పండగ ఉండేది, అందులో కామెడీలకి ఎక్కువ పేరు. పల్లెల్లో చిన్న చిన్నవి వేరే.

డయోనైసస్ అంటే సారా దేవుడు కదా, ఆయనకీ నాటకానికీ ఏంటి సంబంధం?

సారా కాదండీ, ద్రాక్ష వైను. అయినా వైను ఒక్కటే కాదు. మనిషి తను తను కాకుండా పోయే ప్రతి చోటా ఈయన ఉంటాడు. మత్తు, పూనకం, మాస్కు, ఆడవేషం అన్నీ ఈయన ఖాతాలోవే. మన దగ్గర పూనకం వచ్చినవాళ్ళని చూసినవాళ్ళకి ఇది విడిగా ఎక్స్‌ప్లెయిన్ చెయ్యక్కర్లేదు.

పుట్టుక కథ కూడా విచిత్రం. తల్లి సెమెలీ, థీబ్స్ రాజకుమారి. తండ్రి దేవతల రాజు జ్యూస్. జ్యూస్ భార్య హేరా అసూయతో ఆమెకి లేనిపోని అనుమానం ఎక్కిస్తుంది, నీ దగ్గరికి వచ్చేవాడు నిజంగా దేవుడైతే అసలు రూపంలో కనపడమను అని. ఆయన కనపడ్డాడు, ఆ మెరుపులకి ఆవిడ కాలిపోయింది. కడుపులో బిడ్డని జ్యూస్ తీసుకుని తన తొడలో పెట్టి కుట్టేసుకుని, నెలలు నిండాక అక్కణ్ణుంచి కన్నాడు.

నాటకానికి సంబంధించిన కథ ఇది కాదు, ఇంకోటి ఉంది. ఏథెన్స్‌కీ బియోషియాకీ మధ్య సరిహద్దులో ఎల్యూథెరాయ్ అనే ఊరు. పెగాసస్ అనే అతను (రెక్కల గుర్రం కాదు, మనిషే) అక్కణ్ణుంచి డయోనైసస్ విగ్రహాన్ని ఏథెన్స్‌కి తెస్తే వీళ్ళు మర్యాద చెయ్యలేదట. దాంతో ఊళ్ళో మగాళ్ళందరికీ చెప్పుకోలేని చోట రోగం పట్టుకుంది. గుడికెళ్ళి అడిగితే, దేవుణ్ణి ఒప్పుకోండి, ఊరేగించండి, అప్పుడే తగ్గుతుంది అన్నారు. అందుకే ఊరేగింపులో చెక్కతో చేసిన పెద్ద పెద్ద లింగాలు మోసుకెళ్ళేవాళ్ళు. మా వాళ్ళలో ఒకడు ఇది విని ఒకటే నవ్వు. నవ్వడం తప్పేం కాదు, కామెడీ ఆ లింగం పాటల్లోంచే పుట్టిందని అరిస్టాటిల్ స్వయంగా రాశాడు.

ట్రాజెడీ అంటే మేకపాట అంటారు, నిజమేనా?

మాట అదే. ట్రాగోస్ అంటే మేకపోతు, ఓడీ అంటే పాట. గెలిచినవాడికి మేకపోతు బహుమతి ఇచ్చేవాళ్ళని ఒక మాట, మేకని బలిచ్చేటప్పుడు పాడేవాళ్ళని ఇంకో మాట, మేక వేషం వేసిన వాళ్ళు పాడేవాళ్ళని మూడో మాట. పండితులు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. కామెడీ అంటే కోమోస్ పాట, కోమోస్ అంటే తాగి వీధుల్లో గోల చేసుకుంటూ తిరిగే గుంపు, దీంట్లో గొడవేం లేదు.

పండగ రోజుల్లో వరసగా ఏం జరిగేదో చెప్తారా?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది, కాస్త ఓపిగ్గా చదవండి.

మొదట ప్రోఅగోన్. పోటీలో ఉన్న కవులు తమ నటుల్నీ కోరస్‌నీ (గుంపుగా ఆడి పాడేవాళ్ళు) వెంటబెట్టుకుని వచ్చి, మేం ఫలానా కథ వేస్తున్నాం అని జనానికి చెప్పేవాళ్ళు, మాస్కుల్లేకుండా మామూలు మొహాలతో. ఇప్పటి ఆడియో ఫంక్షన్ లాంటిది అనుకోండి. క్రీ.పూ. 406లో యూరిపిడీస్ అనే కవి దూరంగా మాసిడోనియాలో చనిపోయాడన్న కబురు వచ్చిన కొద్దిరోజులకే ఈ ప్రోఅగోన్ జరిగితే, జీవితాంతం అతనితో పోటీపడ్డ సోఫోక్లీస్, అప్పటికే తొంభైకి దగ్గర పడ్డ ముసలాయన, సంతాపం తెలిపే బట్టల్లో వచ్చాడట. తన కోరస్‌ని తలమీద పూలదండల్లేకుండా తెచ్చాడట. జనం ఏడ్చేశారట. అదే ఏడాది తిరిగేలోపు ఆయనా పోయాడు.

తర్వాత విగ్రహాన్ని ఊరి బయట అకాడమీ దగ్గరున్న చిన్న గుడికి తీసుకెళ్ళి, దేవుడు ఎల్యూథెరాయ్ నుంచి ఇప్పుడే వస్తున్నాడు అన్నట్టు కాగడాల వెలుగులో మళ్ళీ ఊళ్ళోకి తెచ్చేవాళ్ళు. అంటే ప్రతి ఏడాదీ దేవుడు కొత్తగా ఊళ్ళోకి అడుగుపెడతాడు, ఈసారి మాత్రం సరిగ్గా మర్యాద చేస్తారు.

ఆ తర్వాత పెద్ద ఊరేగింపు, పాంపే అంటారు. బంగారు బుట్ట మోసే పెళ్ళికాని అమ్మాయి ముందు, పొడుగాటి రొట్టెలు మోసేవాళ్ళు, వైను తిత్తులు మోసేవాళ్ళు, వేరే ఊళ్ళ నుంచి వచ్చి ఏథెన్స్‌లో స్థిరపడ్డవాళ్ళు ఎర్రబట్టల్లో, లింగాలు, బలికి ఎద్దులు. డితిరాంబ్ అనే పాటల పోటీ ఉండేది, పది తెగల నుంచి తెగకి యాభైమంది మగాళ్ళు, యాభైమంది అబ్బాయిలు, మొత్తం వెయ్యిమంది గుండ్రంగా తిరుగుతూ పాడేవాళ్ళు. ఊరి జనాభాలో వెయ్యిమంది పాడుతుంటే మిగతావాళ్ళు చూడ్డమన్నమాట, ప్రతి ఇంట్లోంచీ ఎవడో ఒకడు అందులో ఉండే ఉంటాడు.

నాటకాలు మొదలయ్యే ముందు పందిపిల్లని కోసి దాని నెత్తురుతో థియేటర్‌ని శుద్ధి చేసేవాళ్ళు. పదిమంది సేనాపతులు వైను ధార పోసేవాళ్ళు. ఏథెన్స్ కింద ఉన్న ఊళ్ళు కట్టిన కప్పం వెండిని మోసుకొచ్చి అందరికీ కనపడేలా పెట్టేవాళ్ళు. యుద్ధంలో తండ్రులు పోయిన పిల్లల్ని ఊరే పెంచేది, వాళ్ళు పెద్దవాళ్ళయ్యాక ఊరిచ్చిన కవచాలు వేసుకుని ఆ రోజు అందరి ముందూ నడిచేవాళ్ళు. ఇప్పుడు ఇలా ఊహించుకోండి, ఈ పిల్లలు నడిచి వెళ్ళి ముందు వరసలో కూర్చున్నారు, అరగంట తర్వాత అదే నేలమీద ట్రోజన్ విమెన్ నాటకంలో ఓడిపోయిన ఊరి ఆడవాళ్ళు తమ పిల్లల కోసం ఏడుస్తున్నారు (అది క్రీ.పూ. 415లో వేశారు, ఏథెన్స్ సైన్యం మీలోస్ దీవిలో మగాళ్ళని చంపి ఆడవాళ్ళనీ పిల్లల్నీ బానిసలుగా అమ్మేసిన కొన్ని నెలలకే). నాకైతే ఒళ్ళు జలదరిస్తుంది.

ఖర్చు ఎవరు పెట్టేవాళ్ళు?

ఊళ్ళో డబ్బున్నవాళ్ళు. ఆర్కాన్ అనే అధికారి కవికి కోరస్ ఇవ్వాలి, అంటే నువ్వు ఈ ఏడాది పోటీలో ఉన్నావు అని. ఆ కోరస్ తిండి, బట్టలు, ట్రైనింగ్ అన్నీ ఒక ధనవంతుడి నెత్తిన పడతాయి, అతన్ని ఖొరేగోస్ అంటారు. ఇది ఒక రకం పన్ను, కానీ పరువుతో కూడిన పన్ను. లిసియాస్ రాసిన ఒక కోర్టు ప్రసంగంలో ఒకాయన ట్రాజెడీ కోరస్‌కి 3000 డ్రాక్మాలు పెట్టానని లెక్క చెప్తాడు. పనితెలిసిన కూలీకి రోజుకి సుమారు ఒక డ్రాక్మా వచ్చే రోజులవి, కాబట్టి మీరే చూసుకోండి. నాకంటే ఫలానావాడికి ఎక్కువ ఆస్తి ఉంది, వాడితో పెట్టించండి అని తప్పించుకోవచ్చు కూడా, కానీ వాడు ఒప్పుకోకపోతే, సరే అయితే నీ ఆస్తి నాకివ్వు నా ఆస్తి నువ్వు తీసుకో అని సవాలు చెయ్యాలి. ఇంత బాగున్న ట్యాక్స్ రూలు నేను ఇంకెక్కడా చూళ్ళేదు.

క్రీ.పూ. 472లో ఈస్కిలస్ పర్షియన్స్ నాటకానికి ఖొరేగోస్ ఎవరో తెల్సా, కుర్రాడు పెరిక్లీస్. తర్వాత ఏథెన్స్‌ని నడిపింది ఆయనే. మనకి మిగిలిన నాటకాల్లో అన్నిటికన్నా పాతది అదే.

ఆర్కెస్ట్రా అంటే వాయిద్యాలవాళ్ళు కాదా?

కాదు. ఆర్కెస్ట్రా అంటే డాన్స్ చేసే నేల, కోరస్ ఆడేది పాడేది అక్కడే. థియాట్రాన్ అంటే చూసే చోటు, మనం థియేటర్ అనేది దాన్నే. స్కీనీ అంటే గుడారం లేదా పాక, నటులు మాస్కు మార్చుకోడానికి వెనకాల వేసుకున్నది, పోను పోను అదే రాజభవనం అయిపోయింది, ఇంగ్లీషులో సీన్ అయి మన సినిమాలదాకా వచ్చింది. రెండు పక్కల నడిచొచ్చే దారుల్ని పారొడోస్ అంటారు, కోరస్ మొదటిసారి వస్తూ పాడే పాటకి కూడా అదే పేరు. నిలబడ్డాక మధ్యమధ్యలో పాడేవి స్టాసిమాన్‌లు. వాయిద్యం ఒక్కటే, ఔలోస్, రెండు గొట్టాలు ఒకేసారి ఊదాలి. చాలామంది ఫ్లూట్ అని రాస్తారు గానీ దాంట్లో రీడు ఉంటుంది, ధ్వని పిల్లనగ్రోవి కంటే మన సన్నాయికి దగ్గర. ఊదేవాడు మాస్కు లేకుండా అందరిమధ్యా నిలబడేవాడు.

కోరస్ లేకపోతే నాటకానికేం నష్టం? అంతా స్లో అయిపోతోంది కదా

మా డైరెక్టర్ కూడా ఇదే అన్నాడు, రెండ్రోజులు గొడవపడ్డాం. చూడండి, గ్రీకులకి నాటకం వెయ్యడం అన్న మాటే కోరస్ ఇవ్వడం. మొదట ఉన్నది కోరసే, నటులు తర్వాత వచ్చారు. గుంపులోంచి ఒకడు బయటికొచ్చి వాళ్ళకి జవాబు చెప్పాడు, ఆ మొదటివాడు థెస్పిస్ అంటారు, క్రీ.పూ. 534 అని సంప్రదాయంగా చెప్పే తేదీ. రెండో నటుణ్ణి తెచ్చింది ఈస్కిలస్, మూడోవాణ్ణి తెచ్చింది సోఫోక్లీస్. ట్రాజెడీ కోరస్ మొదట 12 మంది, సోఫోక్లీస్ 15 చేశాడు, కామెడీకి 24. కోరస్ అంటే బుర్రకథలో వంతల్లాగా తందానా అనేవాళ్ళు కాదు, వాళ్ళదీ ఒక పాత్ర, ఊరి ముసలాళ్ళో, బానిస ఆడవాళ్ళో. రాజుగారి ఇంట్లో ఘోరం జరుగుతుంటే బయట నిలబడి చూస్తూ ఏమీ చెయ్యలేనివాళ్ళు. అది తీసేస్తే నాటకం నాలుగు గోడల ఫ్యామిలీ గొడవ అయిపోతుంది. (గొడవలో నేనే గెలిచా, కాకపోతే పదిహేనుకి బదులు ఏడుగురే దొరికారు.)

ముగ్గురే నటులా? మరి పాత్రలు ఎక్కువుంటాయి కదా?

మాస్కు మార్చుకుని వస్తారు. అందరూ మగవాళ్ళే, మెడియా, ఆంటిగొని లాంటి ఆడపాత్రలకైనా. ఈడిపస్‌లో ఎవరు ఏ రెండు మూడు వేషాలు వేశారో లెక్కలేసుకుంటే భలే ఉంటుంది, మేం చార్టు వేశాం. నటుణ్ణి హుపొక్రిటేస్ అనేవాళ్ళు, అంటే జవాబు చెప్పేవాడు. ఇంగ్లీషులో హిపోక్రైట్ ఇందులోంచే వచ్చింది, నటుల మీద జనానికి ఎప్పుడూ ఉండే అభిప్రాయం ఏంటో దీన్నిబట్టి తెలుస్తోంది. హీరోని ప్రొటాగొనిస్ట్ అంటే మంచివాడు అని అర్థం కాదు, పోటీలో మొదటి నటుడు అని. క్రీ.పూ. 449 నుంచి నటుడికి కూడా విడిగా ప్రైజు పెట్టారు.

మాస్కు ఎందుకు? ఎక్స్‌ప్రెషన్ కనపడదు కదా?

దూరంగా కూర్చున్నవాడికి మొహమే కనపడదు, ఇంక ఎక్స్‌ప్రెషన్ ఎక్కడ. గ్రీకులో మొహానికీ మాస్కుకీ ఒకటే మాట, ప్రొసోపాన్. మొహం దాచేది అని వాళ్ళు అనుకోలేదు, ఇంకో మొహం అనుకున్నారు. అసలైనవి ఒక్కటి కూడా దొరకలేదు, నారబట్ట లాంటి వాటితో చేసేవి కాబట్టి కుళ్ళిపోయాయి. మనం మ్యూజియంలో చూసేవి మట్టితో రాయితో చేసిన నకళ్ళు. నేపుల్స్‌లో ప్రొనొమోస్ పాత్ర అని ఒక పెద్ద కుండ ఉంది, క్రీ.పూ. 400 ప్రాంతంది. దానిమీద నటులు మాస్కుల్ని చేత్తో పట్టుకుని నిలబడ్డ బొమ్మలు ఉంటాయి. పండగ అయిపోయాక మాస్కుల్ని తీసుకెళ్ళి డయోనైసస్ గుళ్ళో సమర్పించేవాళ్ళు.

మేం పాత నూలుచీర ముక్కలు మైదా జిగురులో ముంచి, బెలూన్ మీద పొరలు పొరలుగా వేసి ఆరబెట్టి చేశాం. తల మొత్తం మూసేస్తుంది అది. మొదటి రోజు ఈడిపస్ వేసే అబ్బాయి పెట్టుకుని పదినిమిషాలు డైలాగు చెప్పి తీసేసి, అన్నా ఊపిరాడట్లేదు, పక్కనెవడున్నాడో కనపడట్లేదు అన్నాడు. నిజమే, కంటి రంధ్రంలోంచి ఎదురుగా ఉన్న బెత్తెడు ముక్కే కనపడుతుంది. పక్కవాణ్ణి చూడాలంటే మొత్తం ఒళ్ళు తిప్పాలి. కానీ నాలుగోరోజుకి ఒకటి గమనించాం, వాడు తల కాస్త కిందికి వంచితే మాస్కు ఏడుస్తున్నట్టుంది, పైకెత్తితే పొగరుగా ఉంది, మాస్కు మారలేదు, నీడ మారింది. ఆ తర్వాత ఎవ్వరూ ఎక్స్‌ప్రెషన్ గురించి అడగలేదు.

మాస్కు నోట్లో మైకులాంటి ఏర్పాటు ఉండేదని, ఎత్తు మడమల బూట్లు వేసుకునేవాళ్ళని చదివాం

బూట్ల సంగతి తర్వాతి కాలానిది. సోఫోక్లీస్ కాలంలో మెత్తటి పల్చటి బూట్లే, డాన్స్ చెయ్యాలి కదా. మైకు సంగతి కూడా పెద్దగా నమ్మక్కర్లేదు. వాళ్ళకి గొంతు ట్రైనింగ్ ఉండేది.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తీర్చేస్తా. పాలరాతి మెట్లమీద తెల్లబట్టల్లో జనం అని సినిమాల్లో చూపిస్తారు, 5వ శతాబ్దంలో అక్రోపోలిస్ కొండ దక్షిణం వాలు మీద జనం కూర్చుంది చాలావరకు చెక్క బెంచీల మీదే. రాతి థియేటర్ పూర్తయ్యింది క్రీ.పూ. 330ల్లో లైకర్గస్ అనే నాయకుడి హయాంలో, అప్పటికి ముగ్గురు పెద్ద కవులూ (ఈస్కిలస్, సోఫోక్లీస్, యూరిపిడీస్) పోయి డెబ్భై ఏళ్ళు దాటింది. ఫొటోల్లో మనం చూసే అందమైన ఎపిడారస్ థియేటర్ కూడా 4వ శతాబ్దందే, 55 వరసలుంటాయి. అక్కడ గుండుసూది పడితే పైవరసకి వినపడుతుందని గైడ్లు చెప్తారు, 2017లో నెదర్లాండ్స్ పరిశోధకులు కొలిచి చూస్తే గుసగుస దగ్గరి వరసల్లో వాళ్ళకే అందుతోంది. సౌండ్ బావుంటుంది, కాదన్లేదు, మరీ మాయ కాదు.

స్టేజి మీద చావులు చూపించకూడదని రూల్ ఉందా?

రూలు రాసి పెట్టుకోలేదు గానీ అలవాటు అది. లోపల చంపుతారు, కేక వినపడుతుంది, దూత వచ్చి ఏం జరిగిందో పూసగుచ్చినట్టు చెప్తాడు, ఆ చెప్పడమే చూడ్డంకంటే భయంకరంగా ఉంటుంది. తర్వాత తలుపులు తెరిచి ఎక్కిక్లేమా అనే చక్రాల బల్ల బయటికి నెడతారు, దానిమీద శవాలు. సోఫోక్లీస్ అయాక్స్‌లో మాత్రం హీరో కత్తిమీద పడి చచ్చిపోయేది జనం కళ్ళముందే అయ్యుండాలని చాలామంది అంటారు.

దేవుడు క్రేన్ మీద దిగడం?

మెఖానే అంటారు, స్కీనీ వెనకాల పెట్టిన చెక్క క్రేను, తాడుకి కట్టి నటుణ్ణి గాల్లోకి లేపడం. సురభివాళ్ళు తీగల మీద మనుషుల్ని ఎగరేసేది చూసినవాళ్ళకి ఈ సరదా అర్థమవుతుంది. కథ చిక్కుపడ్డప్పుడు దేవుణ్ణి దించి ముగించేస్తే అది కవి చేతగానితనం అని అరిస్టాటిల్ ఒప్పుకోడు. యూరిపిడీస్ మెడియా ఆఖర్లో పిల్లల్ని చంపిన తల్లి సూర్యుడి రథం ఎక్కి పైనుంచి మాట్లాడుతుంది, మామూలుగా దేవుడు నిలబడే చోట హంతకురాలు నిలబడింది. అరిస్టాటిల్‌కి అది నచ్చలేదు, నాకు మాత్రం నాటకమంతటికీ అదే ప్రాణం. కామెడీలో దీన్ని బాగా ఏడిపించారు, అరిస్టోఫనీస్ పీస్ అనే నాటకంలో పేడపురుగు మీదెక్కి ఎగిరే రైతు గాల్లో ఉండగానే క్రేను నడిపేవాడితో, ఒరే జాగ్రత్త, పడేస్తావేమో అన్నట్టు మొత్తుకుంటాడు.

హమార్షియా అంటే హీరోలో ఉన్న లోపం కదా, గైడ్లో అలాగే ఉంది

గైడ్లు మార్చాలి. ఆ మాటకి మూలం గురి తప్పడం, బాణం వేస్తే పక్కకి పోవడం. పొరపాటు, తెలియక చేసిన తప్పు. ఈడిపస్‌కి కోపం ఎక్కువ కాబట్టి పడిపోయాడు అని రాస్తే మార్కులు రావచ్చు గానీ, తండ్రి అని తెలీకుండా చంపినవాడికి కోపం తగ్గించుకోమని చెప్పి ఏం లాభం. హ్యూబ్రిస్ కూడా అంతే, గర్వం అని రాసేస్తారు, ఏథెన్స్‌లో అది కేసు పెట్టగలిగే నేరం, ఎదుటివాణ్ణి కావాలని అవమానించి ఆనందించడం. కథార్సిస్ గురించి లైబ్రరీలు నిండేంత రాశారు, అరిస్టాటిల్ పొయెటిక్స్‌లో ట్రాజెడీకి డెఫినిషన్ ఇస్తూ ఒక్కసారి వాడి వదిలేశాడు, వివరించలేదు. కడిగి శుద్ధి చెయ్యడమా, డాక్టరు విరేచనానికిచ్చినట్టు బయటికి పంపెయ్యడమా అన్నదే గొడవ. కాలం, స్థలం, కథ ఒక్కటిగా ఉండాలి అన్న మూడు ఐక్యతలు అరిస్టాటిల్ రూల్ అంటారు, ఆయన గట్టిగా పట్టుబట్టింది కథ గురించే, మిగతావి రూల్‌గా మారింది 16వ శతాబ్దం ఇటలీలో.

కథలన్నీ జనానికి ముందే తెల్సు కదా, ఇంక సస్పెన్స్ ఎక్కడ?

మహాభారతం తెలిసిన మనమే ఈ ప్రశ్న అడిగితే ఎలా. కర్ణుడు పోతాడని తెలీకుండా ఎవరైనా కర్ణుడి పద్యం విన్నారా. పైగా గ్రీకు పురాణాలకి ఒకే పుస్తకం లేదు, కవి మార్చుకోవచ్చు. మెడియా పిల్లల్ని కొరింథ్ ఊరివాళ్ళు చంపారని కూడా ఒక కథ ఉండేది, యూరిపిడీస్ నాటకంలో తల్లే చంపింది. ఎలెక్ట్రా కథని ముగ్గురు కవులూ రాశారు. ఈస్కిలస్‌లో అక్క ఎలెక్ట్రా జుట్టు పాయ, అడుగు గుర్తులు, బట్ట నేత చూసి తమ్ముడొచ్చాడని పోల్చుకుంటుంది, యూరిపిడీస్ తన నాటకంలో అదే సీను పెట్టి, మగాడి అడుగూ ఆడదాని అడుగూ ఒకే సైజెలా ఉంటాయి, చిన్నప్పటి చొక్కా ఇప్పటికీ వేసుకుంటాడా అని ఎగతాళి చేయించాడు. జనానికి పాతది గుర్తుంటేనే ఈ జోకు పేలుతుంది.

మరి నిజంగా జరిగిన సంఘటనల మీద రాయలేదా?

రాసి ఫైను కట్టినవాడున్నాడు. ఫ్రినికస్ అనే కవి, ఏథెన్స్‌కి దగ్గరివాళ్ళైన మిలెటస్ ఊరు పర్షియన్ల చేతిలో నాశనమైన కథ వేస్తే, థియేటరంతా వెక్కి వెక్కి ఏడ్చింది, మన బాధ మనకే గుర్తుచేస్తావా అని 1000 డ్రాక్మాల జరిమానా వేసి, ఆ నాటకం ఇంకెవ్వరూ వెయ్యకూడదన్నారు. చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు ఇది.

ఒక్కో కవి ఎన్ని నాటకాలు వెయ్యాలి?

ట్రాజెడీ కవులు ముగ్గురు, ఒక్కొక్కరు ఒక రోజులో మూడు ట్రాజెడీలు, ఆపైన ఒక సాటిర్ నాటకం. సాటిర్‌లంటే గుర్రం తోక, గుర్రం చెవులు ఉండే తాగుబోతు అడవి మనుషులు, డయోనైసస్ గ్యాంగు. పొద్దుట్నుంచి ఏడిపించి చివర్లో వీళ్ళతో నవ్వించి పంపేవాళ్ళు. పూర్తిగా మిగిలింది ఒక్కటే, యూరిపిడీస్ సైక్లాప్స్.

గెలుపు ఎవరు తేల్చేవాళ్ళు?

పది తెగల నుంచి చీటీలు తీసి పదిమంది జడ్జీలు. వాళ్ళు రాసిచ్చిన పది ఓట్లలో మళ్ళీ చీటీ వేసి ఐదే లెక్కపెట్టేవాళ్ళని చెప్తారు, లంచం ఇచ్చినా ఎవరి ఓటు లెక్కలోకొస్తుందో తెలీదు, దేవుడి చెయ్యి కూడా ఉన్నట్టవుతుంది. ఇప్పుడు షాక్ ఏంటంటే, ఈడిపస్ ఉన్న సెట్టుకి రెండో స్థానమే వచ్చింది, ఫస్టు వచ్చింది ఫిలోక్లీస్, ఈస్కిలస్ మేనల్లుడు, ఆయన నాటకం ఒక్కటీ మిగల్లేదు. క్రీ.పూ. 431లో మెడియా ఉన్న సెట్టు ముగ్గుర్లో మూడోది.

ఆడవాళ్ళు చూసేవాళ్ళా?

నటుల్లో లేరు, జడ్జీల్లో లేరు. ప్రేక్షకుల్లో ఉన్నారా లేదా అన్నది పండితుల మధ్య ఎడతెగని తగువు. ఊరేగింపులో బుట్ట మోసింది అమ్మాయే, ప్లేటో మాటల్ని బట్టి చూస్తే ఉన్నారనే నేను అనుకుంటా.

జనం బుద్ధిగా కూర్చునేవాళ్ళా?

ఏం బుద్ధి. నటులు బాగా చెయ్యకపోతేనే జనం థియేటర్లో మిఠాయిలు ఎక్కువ తింటారని అరిస్టాటిల్ ఒక నీతిశాస్త్రం పుస్తకంలో ఉదాహరణగా రాశాడు, పాప్‌కార్న్ థియరీ అన్నమాట. క్రీ.పూ. 408లో ఒరెస్టీస్ నాటకంలో హెగెలొఖస్ అనే నటుడు, తుఫాను తర్వాత మళ్ళీ ప్రశాంతత చూస్తున్నాను అనాల్సిన చోట స్వరం కాస్త తప్పాడు. గలేన అంటే ప్రశాంతమైన సముద్రం, గలేన్ అంటే ముంగిసలాంటి చిన్న జంతువు. తుఫాను తర్వాత మళ్ళీ ముంగిస కనపడుతోంది అని వినపడింది జనానికి. మూడేళ్ళ తర్వాత కూడా అరిస్టోఫనీస్ ఫ్రాగ్స్‌లో దాన్ని పెట్టి ఏడిపించాడు, ఇంకొందరు కామెడీ కవులూ వదల్లేదు. పాపం ఆయన ఇంకేం వేషాలు వేశాడో ఎవ్వరికీ పట్టలేదు, ముంగిసతోనే మిగిలిపోయాడు. ఒత్తు, దీర్ఘం తప్పితే అర్థం ఎలా మారిపోతుందో మనకి వేరే చెప్పాలా.

ముందు వరసలో నడిమధ్య సీటు డయోనైసస్ పూజారిది, తర్వాతి కాలంలో చెక్కిన రాతి కుర్చీ ఇప్పటికీ అక్కడుంది, పేరు చెక్కి మరీ. ఫ్రాగ్స్‌లో దేవుడు డయోనైససే ఒక క్యారెక్టరు, భయపడి స్టేజి మీంచి పరిగెత్తుకెళ్ళి ఎదురుగా కూర్చున్న తన పూజారినే, నన్ను కాపాడు అని బతిమాలతాడు. తన పండగలో తన గుడి పక్కన తన మీదే జోకు, దేవుడికి కోపం రాలేదు.

యవనిక అనే మాట గ్రీకుల నుంచే వచ్చిందా? మన నాటకానికి వాళ్ళే గురువులా?

యవనులంటే గ్రీకులు, యవనిక అంటే తెర, కాబట్టి సంస్కృత నాటకం గ్రీకుల దగ్గర నేర్చుకున్నదే అని 19వ శతాబ్దంలో కొందరు యూరోపు పండితులు గట్టిగా వాదించారు. చిక్కేంటంటే సోఫోక్లీస్ నాటకానికి తెరే లేదు. జవనిక అన్న రూపం కూడా ఉంది, దానికి వేరే వ్యుత్పత్తి చెప్పేవాళ్ళున్నారు. గ్రీకులు మన దగ్గరిదాకా నాటకం తెచ్చిన మాట నిజం, అఫ్ఘానిస్తాన్‌లో ఐఖానుమ్ అనే చోట వాళ్ళ థియేటర్ తవ్వకాల్లో బయటపడింది. అక్కణ్ణుంచి నాట్యశాస్త్రం రాసిన భరతుడు కాపీ కొట్టాడనడం మాత్రం టూ మచ్.

మన నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలంనాటి మెట్ల రంగస్థలం ఒకటి దొరికింది, డ్యాం నీళ్ళలో మునక్కుండా అనుపు దగ్గర మళ్ళీ కట్టారు. గ్రీకు థియేటర్ అని దానికి ఫొటో కింద క్యాప్షన్లు పెడుతుంటారు. మధ్య నేల నలుచదరంగా ఉంటుంది, గ్రీకులది గుండ్రంగా వంగి కొండకి ఆనుకుని ఉంటుంది, రోముకీ మనకీ వ్యాపారం ఉన్న రోజులు కాబట్టి ఐడియా అటునుంచి వచ్చిందేమో అనే వాదన ఉంది. వెళ్ళి చూడండి, చప్పట్లు కొట్టి చూడండి, సౌండ్ భలే ఉంటుంది.

ఎన్ని నాటకాలు మిగిలాయి? మిగతావి ఏమయ్యాయి?

ఈస్కిలస్‌వి 7, సోఫోక్లీస్‌వి 7, యూరిపిడీస్ పేరుమీద 19, అరిస్టోఫనీస్‌వి 11. ఒక్క సోఫోక్లీసే 120కి పైగా రాశాడంటారు. లైకర్గస్ ముగ్గురి నాటకాలకీ ఊరి తరఫున అధికారిక ప్రతులు రాయించాడు. తర్వాత ఈజిప్టు రాజు మూడో టాలమీ, కాపీ చేసుకుని ఇచ్చేస్తానని 15 టాలెంట్ల (అప్పటి పెద్ద తూకం) వెండి డిపాజిట్ పెట్టి వాటిని అలెగ్జాండ్రియాకి తెప్పించుకున్నాడట. మంచి పపైరస్ (అప్పటి కాగితం లాంటిది) మీద కొత్త కాపీలు చేయించి ఏథెన్స్‌కి అవి పంపించేసి, ఒరిజినల్స్ తన లైబ్రరీలో ఉంచేసుకున్నాడు, డిపాజిట్ మీరే ఉంచుకోండి అన్నాడు. లైబ్రరీ పుస్తకం కొట్టేసినవాళ్ళకి ఈయనే ఆదిగురువు.

ఎక్కడ మొదలుపెట్టి చదవాలి?

అందరూ ఈడిపస్ అంటారు. నేను క్రీ.పూ. 458 నాటి అగమెమ్నాన్ అంటాను, ఈస్కిలస్‌ది. మొదలే ఒక కాపలావాడు, రాజుగారి మిద్దె మీద కుక్కలా మోచేతుల మీద పడుకుని ఏడాదిగా నిద్రలేకుండా నక్షత్రాలు చూస్తున్నాడు, ట్రాయ్ పడిపోయిందని కొండకొండకీ వెలిగించే మంట ఎప్పుడు కనపడుతుందా అని. కనపడుతుంది. ఎగిరి గంతేస్తాడు, వెంటనే తగ్గుతాడు, ఆ ఇంట్లో ఏం జరుగుతోందో వాడికి తెల్సు, చెప్పడు, నా నాలుక మీద ఎద్దు తొక్కింది అని లోపలికి వెళ్ళిపోతాడు, నాటకం మొత్తంలో మళ్ళీ కనపడడు. పొద్దున్నే చదవండి, వీలైతే మిద్దె మీద, పైకి చదవండి.